నూతిలోకి దింపిన లైటు

ఆమదాలవలస స్టేషను రోడ్డులో నగరేశ్వరరావు కిరాణా కొట్టు తెలియనివాళ్ళు లేరు. ఆ కొట్టులో షట్టరు ఎత్తేది, బస్తాలు దించేది, కాటా పట్టేది, ఎలకల బోను పెట్టేది మాత్రం అతని తమ్ముడు రాంబాబు. బోర్డు మీద అన్న పేరొక్కటే ఉంటుంది. తండ్రి పోయిన ఏడు, ఒకణ్ణి చదివించాలి, ఒకణ్ణి కొట్లో కూర్చోబెట్టాలి అని పెద్దలు తేల్చారు. పెద్దవాడు బీకాం చదివాడు. చిన్నవాడు ఏడో తరగతి పరీక్ష రాయకుండానే తూకం రాళ్ళు చేత పట్టాడు. అది జరిగి నలభై ఏళ్ళు. ఆ నలభై ఏళ్ళలో అతను చదివిందల్లా పొట్లాం కాగితం మీదున్నదే. శనగపప్పు పోస్తూ సగం వార్త చదువుతాడు, మిగతా సగం ఎవరింటికో వెళ్ళిపోతుంది. పెళ్ళెందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే, "మా అన్నకి తీరికనేక సెయ్యనేదు" అంటాడు. అడిగినవాళ్ళు నవ్వుతారు. అతను నవ్వడు.

ఆ ఏడు మే నెలలో పెరట్లో బోరు ఎండిపోయింది. మోటారు వేస్తే గాలి వచ్చింది, చుక్క రాలేదు. వీధి కుళాయికి రెండ్రోజులకోసారి నీళ్ళు. ఇక లాభం లేదని నగరేశ్వరరావు పెరట్లో మూలనున్న పాత నుయ్యి తెరిపిద్దామన్నాడు. బోరు వేసిన రోజుల్లో, అంటే పద్దెనిమిదేళ్ళ కిందట, దాని మీద నాపరాళ్ళు పరిచి సందులన్నీ సిమెంటుతో మూసేశారు. గురువారం పొద్దున్న రాళ్ళు తీయాలి, పూడిక తోడాలి. దిగేది చినబాబు.

చినబాబుది పక్క ఊరు. ఎకరన్నర పొలం చెక్క ఉంది. వరి కోతలయ్యాక, ఎండలు ముదిరాక నూతులు బాగుచేస్తాడు. తండ్రి చేసిన పనే. రాంబాబూ అతనూ ఏడో తరగతి దాకా ఒకే బెంచీ మీద కూర్చున్నారు, ఒకే ఏడు బడి మానేశారు. రాంబాబుని వీధిలో అందరూ 'సిన సావుకారు' అంటారు, ఆ మాటలో ఎంత వెటకారముందో అతనికి తెలుసు. 'ఒరే' అని మనసారా పిలిచేది చినబాబు ఒక్కడే.

ఆ సోమవారం రాంబాబు ఫోను నువ్వులనూనె డబ్బాలో పడి చచ్చిపోయింది. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగు దాకా స్టేషను రోడ్డులో కుక్క కూడా తిరగదు. ఆ మూడు గంటలూ ఫోనులో ఏవో చూసుకుంటూ గడిపే మనిషికి కాళ్ళూ చేతులూ ఆడలేదు. సెలవులకి విజయనగరం నుంచి వచ్చిన అన్న కూతురు దీపిక అది చూసి, ఒక లావుపాటి పుస్తకం తెచ్చి కాటా పక్కన పెట్టింది. లైబ్రరీలో మళ్ళీ బైండు చేసిన అట్ట. మీద నెంబరు తప్ప పేరు లేదు.

"చిన్నాన్నా, ఇందులో మొదటి కథ చదువు. దెయ్యం కథ. రాసి తొంభై ఏళ్ళయిందంట. మా మేడమ్ అందరూ చదివి తీరాలన్నారు."

"తొంభయ్యేళ్ళ దెయ్యానికి ఈపాటికి పళ్ళూడిపోయుంటాయి గదే."

"చదివి చెప్పు. మధ్యలో ఆపకూడదు మరి."

"ఆపితే ఏటవుతాది? ఇంటికొస్తాదేటి?"

"ఆపితే నువ్వు భయపడ్డావని నాన్నకి చెప్తాను."

నవ్వుతూనే అంది. కానీ ఆ ఒక్క మాటకే అతను పుస్తకం తెరిచాడు.

మొదటి రెండు పేజీల్లో మబ్బులు తప్ప ఏమీ లేవు. పడమటి దిక్కున మబ్బు, దాని రంగు, దాని కింద కొండ, కొండ కింద జమీందారు బంగళా. రాంబాబు వేలు పెట్టుకుని ఒక్కో వరుసా చదివాడు. మబ్బు గురించి ఇంత రాసినవాడికి ఇంట్లో పనీపాటా లేదనుకున్నాడు. వీడూ ఎవడో పెద్దకొడుకే, చదివించి వదిలేసుంటారు అని కూడా అనుకున్నాడు. మూడో పేజీలో ఆవులించాడు. బెల్లానికొచ్చిన గురమ్మ గుమ్మంలో ఆగిపోయింది.

"ఏటి సిన సావుకారూ, పరీచ్చలేటి?"

"అవునే. తప్పితే నిన్ను పెళ్ళి సేసుకుంటాను."

"ఓలమ్మ! అయితే బాగా సదువు," అని గురమ్మ బెల్లం పట్టుకుపోయింది.

నాలుగో పేజీలో నుయ్యి వచ్చింది.

బంగళా కొత్తగా కొన్న ఒక ఆసామి, వెనక దొడ్లో మూసేసి ఉన్న నుయ్యి తెరిపిస్తాడు. లోతు చూడ్డానికి లాంతరు కట్టి దింపుతాడు. 'నాలుగవ వరుస రాతి కడకు రాగానే లాంతరు ఆరెను.' పైకి లాగి, వెలిగించి, మళ్ళీ దింపుతాడు. అదే వరుస దగ్గర మళ్ళీ ఆరిపోతుంది. గాలి లేదు, వాన లేదు. మూడోసారీ అంతే. 'అచట నెవరో కూర్చుండి, వచ్చిన దీపమును వచ్చినట్లు నోటితో నూదుచున్నట్లుండెను.'

రాంబాబు పుస్తకం మూసి బయటికి చూశాడు. రోడ్డు మీద ఎండ తెల్లగా కాస్తోంది. రైలు గేటు దగ్గర లారీ హారను కొడుతోంది. ముంజేతి మీద వెంట్రుకలు లేచి నిలబడ్డాయి. వాటిని అరచేత్తో రుద్దుకున్నాడు, ఎవరైనా చూశారేమోనని లోపలికీ బయటికీ చూశాడు. ఎవరూ లేరు. మళ్ళీ తెరిచాడు.

అప్పట్నుంచీ అతను దెయ్యం కోసం కాచుకున్నాడు. తెల్లచీరో, వెనక్కి తిరిగిన పాదాలో, ఏదో ఒకటి వస్తుంది కదా. వస్తే నవ్వేసి దీపికకి చెప్పొచ్చు. కథలో ముసలి నౌకరు ఒకడు ఆసామి కాళ్ళు పట్టుకుని బతిమాలతాడు. 'దీపము ఊపిరి తీయలేని చోట మనుష్యుడు తీయునా, బాబూ?' అంటాడు. ఆసామి వాణ్ణి తన్ని పంపేస్తాడు. బావమరిదిని దింపుతాడు. బావమరిది కింద నుంచి హాయిగా నవ్వుతాడు, చల్లగా ఉందంటాడు, కాసేపు పడుకుంటానంటాడు. తర్వాత మాట రాదు. అతని కోసం అతని తమ్ముడు దిగుతాడు. అతని మాటా రాదు. ఇద్దరి కోసం పాలేరు దిగుతాడు. ఆసామి గట్టు మీద కూర్చుని ముగ్గురినీ పేరుపేరునా పిలుస్తూనే ఉంటాడు. కథ అక్కడ అయిపోయింది.

మంగళవారం మధ్యాహ్నం అది పూర్తయ్యేసరికి రాంబాబుకి ఒళ్ళు మండింది. పేజీ తిప్పి చూశాడు, వేరే కథ మొదలైంది. లోపలికెళ్ళి దీపిక ముందు పుస్తకం పడేశాడు.

"దెయ్యమేదే?"

"కనపడదు చిన్నాన్నా. అందుకే కదా భయం."

"కనపడనిదాన్ని రాయడమెందుకు? రెండ్రోజులు కళ్ళు పోగొట్టుకున్నాను. మోసం."

"భయమేసిందా లేదా?"

"భయమా? నాకా?" అని అతను బయటికొచ్చేశాడు.

సాయంత్రం ఎవరో కందిపప్పు అడిగారు. డ్రమ్ములో పప్పు అడుక్కి ఉంది. చెయ్యి భుజం దాకా దించి తియ్యాలి. నలభై ఏళ్ళుగా దించుతున్న చెయ్యి మోచేతి దాకా వెళ్ళి ఆగింది. లోపల చల్లగా తగిలింది. అతను డ్రమ్మునే ఎత్తి, వంచి, పప్పు బల్ల మీదకి ఒంపుకున్నాడు. అడిగినాయన వింతగా చూశాడు. ఆ తర్వాత పెరట్లోకి వెళ్ళవలసి వస్తే నాపరాళ్ళ పక్క నుంచి కాకుండా జామచెట్టు చుట్టూ తిరిగి వెళ్ళాడు. తన మీద తనకే అసహ్యమేసింది. మీసం నెరిసిన మనిషి, ఎవడో చచ్చిపోయినవాడు రాసిన నాలుగు మాటలకి.

అయినా ఆ నౌకరు మాట మాత్రం వదల్లేదు. దెయ్యం మాటలా లేదది. తూకం మాటలా, లెక్క తప్పని మాటలా ఉంది. దీపానికి చాలని గాలి మనిషికి చాలదు. అంతే కదా కథంతా. ఊదినవాడెవడూ లేడక్కడ. గాలి లేదు. అది తట్టాక భయం తగ్గాలి. తగ్గలేదు.

బుధవారం సాయంత్రం చినబాబు నుయ్యి చూసుకుపోదామని వచ్చాడు. బట్టతల మీద తుండు, నోట్లో చుట్ట. రాళ్ళ మీద కాలితో తట్టి చూశాడు.

"ఆరు నిలువుల లోతుంటాదేటి రా?"

"ఉంటాది. ఒరే, నిన్నో కథ సదివినాను."

"నివ్వా? కథా? సావుకారికి మతిపోయినాది!" చినబాబు పకపకా నవ్వాడు. "ఏటి కథ? ఆడోళ్ళదా?"

"నూతిది. నూతిలోకి దీపం దింపితే ఆరిపోతాది."

"మా అయ్య దింపీవోడు గదా. ప్రతీ నూతికీ. గంగమ్మకి దీపమెట్టాల, అప్పుడు దిగాల అనీవోడు. ఆరిపోతే ఆ పూట దిగీవోడు గాదు. గంగమ్మకి ఇష్టం నేదు, రేపొద్దాం అనీవోడు."

"మరి నువ్వు?"

"నానూ ఎడతాను. గట్టు మీదెడతాను. దండం ఎట్టుకుంటాను, కొబ్బరికాయ కొడతాను. అమ్మకి గట్టైతే ఏటి, అడుగైతే ఏటి? లోపలికి మాత్రం ఇదిగో." సంచీలోంచి తెల్లటి లైటు ఒకటి తీశాడు. ఛార్జింగు పెట్టుకునేది, మొన్న సంతలో కొన్నది. నొక్కితే పెరడంతా తెల్లబడింది. "అయ్య దీపం రెండు నిలువులు దిగితే మినుకు మినుకు. ఏటీ అవుపించీది గాదు, ఊరికే ఆరిపోయీది. ఇది సూడు, అడుగున సూది పడ్డా అవుపిస్తాది. ఆరదు. నీలల్లో పడ్డా ఆరదు!"

రాంబాబు ఆ తెల్లటి వెలుతురు చూశాడు.  మీ అయ్య దీపం పెట్టింది చూడ్డానికి కాదురా అని నాలిక చివర దాకా వచ్చింది. కానీ తండ్రి పనిలో తండ్రిని మించిన కొడుకుకి, ఏడో తరగతి మానేసిన కిరాణా కొట్టువాడు, దెయ్యం కథ చదివి పాఠం చెప్పడమా?

"ఒక పూట తెరిసి ఒగ్గేసి దిగితే బాగుంటాదేమో," అన్నాడు అంతకన్నా ఏమీ అనలేక.

"అదీ అయ్య మాటే. మీ అన్న ఒప్పుకుంటాడేటి? ఈపాటికే నీలు నేక ఏడస్తన్నాడు." చినబాబు అతని భుజం మీద ఒక్క చరుపు చరిచాడు. "భయమేటి రా? దిగీది నానా నివ్వా?"

గురువారం ఏడింటికే వచ్చారు. చినబాబు, భార్య ఝాన్సీ, ఆమె తమ్ముడు ధర్మేంద్ర. ఝాన్సీ ఒడ్డున మట్టి అందుకుని పోస్తుంది, ధర్మేంద్ర గిలక మీద తాడు లాగుతాడు. ముగ్గురూ కలిసి ఎన్నో నూతులు తోడారు. గడ్డపారతో సిమెంటు పగలగొట్టి, రాయి తర్వాత రాయి పక్కకి దొర్లించారు. ఆఖరి రాయి జరగగానే లోపలి నుంచి ఒక వాసన వచ్చింది. కుళ్ళు వాసన కాదు. ఎన్నాళ్ళో ఎవరూ తెరవని పెట్టె వాసన. దీపిక పమిట చెంగులా చున్నీ ముక్కుకి అడ్డం పెట్టుకుంది. ఒక్క పిచ్చుక కూడా ఆ పక్కకి వాలలేదు. అది రాంబాబు ఒక్కడే చూశాడు.

చినబాబు గట్టు కడిగి, పసుపు రాసి, ప్రమిదలో దీపం వెలిగించి పెట్టాడు. కొబ్బరికాయ కొట్టాడు. కళ్ళు మూసుకుని దండం పెట్టుకున్నాడు. దీపం గట్టు మీద నిటారుగా, కదలకుండా వెలుగుతోంది. తర్వాత తెల్ల లైటుని తాడుకి కట్టి లోపలికి వదిలాడు. అందరూ వంగి చూశారు. ఇటుకల గోడ, సందుల్లో ఎండిన వేళ్ళు, అట్టడుగున నల్లటి బురద, దాని మీద జానెడు నీళ్ళు. లైటు అడుగు దాకా వెళ్ళింది. దివ్యంగా వెలుగుతోంది.

"సూసినావా? పట్టపగల్లాగున్నాది," అన్నాడు చినబాబు.

రాంబాబు గట్టు మీది ప్రమిద చూపించాడు.

"ఒరే సినబాబూ, ఆ ప్రమిద దింపరా ముందు."

"ఎందుకు? లైటుందిగదా."

"ఉండనీ. దీపం దింపు. నా మాటిను."

నగరేశ్వరరావు వరండాలో కుర్చీ వేసుకుని కాఫీ తాగుతున్నాడు. అక్కణ్ణుంచే నవ్వాడు.

"ఒరే సినబాబూ, మావోడు రెండ్రోజులబట్టి దెయ్యాల పుస్తకం సదవతన్నాడు. పప్పు డ్రమ్ములో సెయ్యెట్టడానికి కూడా భయమే. మొన్న నేను సూసినాను. నీకన్నా ముందు వీడికి తాయెత్తు కట్టించాల!"

ధర్మేంద్ర కిసుక్కున నవ్వాడు. ఝాన్సీ చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. గోడ మీద నుంచి చూస్తున్న పక్కింటివాళ్ళు నవ్వారు. దీపిక "నాన్నా!" అంది గానీ ఆమె పెదవుల మీదా నవ్వుంది. వాళ్ళందరూ నవ్వినా రాంబాబు నిలబడేవాడేమో. చినబాబు కూడా నవ్వాడు.

"దెయ్యమేటి రా సావుకారూ! అవుపిస్తే దాన్నీ బొక్కెనలో ఎట్టి పంపిస్తాను. నీకు తోడుంటాది, ఎలాగూ పెళ్ళి నేదు!"

ఈసారి అందరూ గట్టిగానే నవ్వారు.

రాంబాబు మొహంలోకి నెత్తురు పొంగింది. నలభై ఏళ్ళుగా ఈ పెరట్లో ఈ నవ్వే. వీడొక్కడు నవ్వడనుకున్నాడు. "పోండి. ఏటైనా సేసుకోండి. నాకేటి," అన్నాడు. గిరుక్కున తిరిగి, వంటిల్లు దాటి, కొట్లోకి వెళ్ళిపోయాడు. కాటా ముందు కూర్చుని, దాని మీద లేని దుమ్ము తుడిచాడు. దీపం ఎందుకు దింపాలో అతను చెప్పలేదు. ఒక్క ముక్క. ఆరిపోతే మనిషి బతకడు అని. చెప్పడానికి పట్టేది చుట్ట ముట్టించినంత సేపు కూడా కాదు.

వెనక నుంచి గిలక కిర్రుమన్న చప్పుడు వచ్చింది. మెట్లలా ఇటుకల సందుల్లో కాళ్ళు పెట్టి, తాడు పట్టుకుని దిగడం చినబాబు పద్ధతి. నడుముకి తాడు కట్టుకుంటే మెసలడం కుదరదంటాడు. ధర్మేంద్ర "మూడు నిలువులు దిగినాడు" అని ఎవరికో చెప్పడం వినిపించింది. ఒక గుమాస్తా వచ్చి అగరొత్తులు అడిగాడు. రాంబాబు తీసిచ్చాడు. అప్పుడు నూతిలోంచి చినబాబు గొంతు వచ్చింది. కుండలోంచి మాట్లాడినట్టుంది. పెరడు దాటి, వంటిల్లు దాటి, ఆ గొంతు కొట్లోకి స్పష్టంగా చేరింది.

"సల్లగున్నాది రా! ఎండలో మీరు సావండి!"

ఝాన్సీ ఏదో తిట్టింది. ధర్మేంద్ర నవ్వాడు. కింద నుంచి కూడా నవ్వు వచ్చింది. ఆ నవ్వు ఉండవలసినదానికన్నా ఎక్కువసేపు సాగింది. తర్వాత చినబాబు మళ్ళీ, మెల్లిగా, మాట ముద్దగా:

"ఒలే ఝాన్సీ... కూసేపు తొంగోవాలనిపిస్తన్నాదే, నిద్దరొస్తన్నాది."

రాంబాబు గుమాస్తా ఇస్తున్న డబ్బులు అందుకోకుండానే లేచాడు.

ఎలా పరిగెత్తాడో తెలీదు. వంటింట్లో బిందె తన్నుకుని నీళ్ళన్నీ పోయాయి. అతను పెరట్లోకి వచ్చేసరికి ఝాన్సీ గట్టు పట్టుకుని వంగి పిలుస్తోంది. "ఏటయ్యో! పలకవేటి? ఏటయ్యో!" తెల్ల లైటు కింద వెలుగుతూనే ఉంది. దాని వెలుతురులో చినబాబు బురదలో గోడకి జేరబడి కూర్చున్నాడు. తల గుండెల మీదికి వాలిపోయింది. చూసినవాళ్ళు నిజంగానే కునుకు తీస్తున్నాడనుకుంటారు.

ధర్మేంద్ర అప్పటికే లుంగీ ఎగ్గట్టి గట్టు మీదికెక్కాడు. "కళ్ళు తిరిగినట్టున్నాయి. నానెత్తుకొస్తాను, తాడు సూసుకో అక్కా," అంటూ ఒక కాలు లోపల పెట్టాడు.

రాంబాబు వెళ్ళి వాడి నడుం కరుచుకున్నాడు.

"దిగకు! దిగితే నువ్వూ సస్తావు!"

"ఒగ్గు! మా బావ రా!"

"దిగనివ్వను. నన్ను సంపు. దిగనివ్వను."

ధర్మేంద్రకి ముప్ఫై ఏళ్ళు, బస్తాలు మోసిన ఒళ్ళు. మోచేత్తో రాంబాబు మొహం మీద పొడిచాడు. పెదవి చిట్లి నోట్లో ఉప్పగా అయింది. రాంబాబు వదల్లేదు. వాడితో పాటు గట్టు మీద నుంచి వెనక్కి దొర్లాడు. ఝాన్సీ వచ్చి అతని జుట్టు పట్టుకుని లాగింది.

"ఒగ్గన్నియ్యా! అక్కడ మనిషి సచ్చిపోతన్నాడు, నీకేటి పట్టినాది? మా తమ్ముణ్ణి దిగనీ!"

"ఈడికి పిచ్చెక్కినాది! ఎవరైనా పట్టండి!" నగరేశ్వరరావు కాఫీ గ్లాసుతోనే నిలబడి అరుస్తున్నాడు. గోడ మీదివాళ్ళు ఇద్దరు దూకి వచ్చి రాంబాబు చేతులు విడదీయబోయారు.

"దీపికా!" రాంబాబు నెత్తురు ఉమ్ముతూ అరిచాడు. "ఆ ప్రమిద బొక్కెనలో పెట్టి దింపవే! ముందు అది దింపు! ఆరకపోతే అందరూ దిగండి!"

దీపిక ఒక్క క్షణం అతని మొహంలోకి చూసింది. అతను కాక ఆ కథ చదివింది ఆ ఇంట్లో ఆమె ఒక్కతే కదా. ఆమె మొహం సున్నం కొట్టినట్టయింది. గట్టు మీది ప్రమిద తీసి, బొక్కెన అడుగున పెట్టి, తాడు వదలసాగింది.  అందరూ ఆగిపోయారు, ధర్మేంద్ర కూడా.

ఒక నిలువు దాకా దీపం బాగానే ఉంది. రెండో నిలువు దగ్గర మంట సన్నబడింది. వత్తి మీద నుంచి పైకి లేచి, తెగిపోయినట్టు ఊగి, ఆరిపోయింది. సన్నటి పొగ వచ్చింది. దానికి చాలా కింద తెల్ల లైటు తన పాటికి తను వెలుగుతోంది.

దీపిక పైకి లాగి, వెలిగించి, మళ్ళీ దింపింది. అక్కడే ఆరింది.

 ధర్మేంద్ర గట్టుకి దూరంగా వెళ్ళి నేల మీద కూర్చున్నాడు. ఝాన్సీ గట్టు మీద తల పెట్టుకుని, ఇక పిలవలేదు.

పక్కింటివాళ్ళు ఫోను చేశాక ఫైరింజను వచ్చేసరికి నలభై నిమిషాలు పట్టింది. ఆ నలభై నిమిషాలూ ఆ వెలుతురులో చినబాబు అందరికీ కనిపిస్తూనే ఉన్నాడు. ఎవరో ఫ్యాను దింపుదామన్నారు, ఎవరో నీళ్ళు చల్లుదామన్నారు. చల్లారు కూడా. అతను కదల్లేదు. వచ్చినవాళ్ళలో ఒకడు మొహానికి మాస్కు, వీపుకి సిలిండరు కట్టుకుని దిగాడు. చినబాబు చంకల కింద తాడు వేసి పైకి పంపించాడు. పైకి వచ్చిన మనిషి గుండె మీద చెవి పెట్టి చూసిన ఫైరాఫీసరు, లేచి టోపీ తీశాడు.

"గాలి లేదండి అడుగున. ఇంకొకరు దిగి ఉంటే ఇద్దరు," అన్నాడు. "ఇలాంటి చోట్ల ఎప్పుడూ ఇద్దరో ముగ్గురో ఉంటారు. మీరెవరో ఆపారు, మంచిపని చేశారు."

రాంబాబు వైపు ఎవరూ చూడలేదు. అతను జామచెట్టు కింద కూర్చుని, తెగిన పెదవికి తువ్వాలు అదుముకుంటున్నాడు.

మధ్యాహ్నం ఎస్సై వచ్చి వరండాలో కుర్చీలో కూర్చున్నాడు. నగరేశ్వరరావు ఎదురుగా నిలబడి చెబుతున్నాడు. "ఎన్నో నూతులు తోడిన మనిషండి. జాగ్రత్తలన్నీ తీసుకున్నాం. లైటు కూడా దింపేం. చక్కగా వెలిగిందండి, అందరూ చూశారు. గాలి లేదన్న సంగతి ఎవరికి తెలుస్తాదండి? మాకెవరికీ తెలీదు." అలా అంటూ ఒక్కసారి తమ్ముడి వైపు చూశాడు. ఆ చూపు రాంబాబుకి పుట్టినప్పట్నుంచీ తెలుసు. నోరు మూసుకో అని దాని అర్థం. ఎస్సై రాసుకున్నాడు.

ఝాన్సీ నూతి గట్టుకి చేరబడి కూర్చుంది. ఒళ్ళో చినబాబు తుండు ఉంది. ఆమె ఏడవడం లేదు. నగరేశ్వరరావు మాటలన్నీ వింది. వింటూ, మెల్లిగా తల తిప్పి జామచెట్టు కేసి చూసింది.

"అన్నియ్యా."

రాంబాబు తలెత్తాడు.

"దీపం దింపమన్నావు. పొద్దున్న. ఆయన దిగకముందు. ఎందుకు దింపమన్నావు?"

ఎస్సై పెన్ను ఆగింది.

"ఏదో కథ సదివి భయపడ్డాడమ్మా, ఆడి మాటలకేటి," అన్నాడు నగరేశ్వరరావు గబగబా.

"మిమ్మల్ని కాదు బాబూ. అన్నియ్యని అడగతన్నాను." ఝాన్సీ కళ్ళు రాంబాబు మీద నుంచి కదల్లేదు. "ఆరిపోతే మనిషి బతకడని నీకు తెలుసా?"

తెలియదనొచ్చు. అన్న అదే చెప్పాడు, కాగితం మీద అదే ఉంది. అదిప్పుడు ఎవర్నీ బతికించదు, ఎవర్నీ చంపదు. రాంబాబు తువ్వాలు దించాడు.

"తెలుసు," అన్నాడు.

"ఒరే!" అన్నాడు నగరేశ్వరరావు.

"తెలిసి ఎందుకు సెప్పనేదు?"

అతని దగ్గర చెప్పడానికి చాలా ఉంది. నలభై ఏళ్ళది ఉంది. బడి, కాటా, బోర్డు మీద లేని పేరు, వరండాలో కుర్చీ, ఆ కుర్చీలోంచి వచ్చే మాటలు. అన్నీ నిజాలే. ఒక్కోటీ నోటి దాకా వచ్చింది. బురద ఎండిన ఆ తుండు ముందు ఒక్కటీ నిలబడలేదు.

"నవ్వేరని," అన్నాడు.

ఝాన్సీ అతన్నే చూసింది. అర్థం కానట్టు, అర్థం చేసుకోవాలని గట్టిగా ప్రయత్నిస్తున్నట్టు చూసింది.

"నవ్వితే?" అంది.